రెండోసారి పాతబాకీ

పార్సిల్ విప్పితే నల్ల పళ్ళెం.
అట్ట మీద మా నలుగురి మొహాలు,
మొహాల పైన ఇప్పుడు లేని జుట్టు.
పాతబాకీ. ఎర్రచీమలు, చిత్తూరు.
కింద సన్నక్షరాల్లో: రెండో ముద్రణ, శుభ్రపరచినది.

శుభ్రపరచినది అంట.

ఆ ఎండాకాలం బెల్లం మండీలో పదకొండో నంబరు గోడౌను
రాత్రి తొమ్మిది నుంచి మాది,
తెల్లారి నాలుక్కి బండ్లోళ్ళది.
గోడల నిండా గోనెసంచులు కట్టినాం
గొంతు తిరిగొచ్చి మా మీదే పడకుండా.
మొగిలి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి
సొట్టపోయిన డబ్బాలు మోసుకొచ్చినాడు.
తోలు డ్రమ్ము ఒకటే, మిగతాదంతా తోతాపురి.
ఇంతియాజ్ గిటారుకు ఐదు తీగలు.
ఆరోది వేలూరు అంగట్లో ఉండాది,
దుడ్లు యాడుండాయో తెలీదు.
నాది బేసు. వాయిస్తే ఎవరికీ వినపడదు,
ఆపితే అందరూ తిరిగి చూస్తారు.
ఎస్తేరు మిషన్ ఆస్పత్రిలో నైట్ డ్యూటీ మార్చుకుని వచ్చేది.
తెల్లచీర అంచుకు బెల్లం మరక.
పొద్దున మేట్రనుకు ఏం చెప్పేదో మేం అడగలేదు.
యాంప్లిఫయరు వేడెక్కితే చీమలు వరస కట్టేవి,
బ్యాండుకు పేరు అవే పెట్టినాయి.

బ్లూస్ మాకు నేర్పిన మనిషి లేడు.
పాతసామాన్లోడి దగ్గర అట్టల్లేని రికార్డులు పదమూడు
తూకానికి కొన్నాం.
పాడేది ఎవరో, ఆ నది ఏదో,
రైలెక్కి పోయింది ఎవరి పెండ్లామో
ఒక్క ముక్క తెలిసేది కాదు.
పన్నెండు లెక్కలు తిరిగి మళ్ళా మొదటికే రావడం,
చెప్పిన మాటే ఇంకోసారి చెప్పి
మూడోసారికి గాని అసలు సంగతి బయట పెట్టకపోవడం,
అది మాత్రం తెలుసు.
బాకీ వసూలుకు మనిషొచ్చి వాకిట్లో నిలబడితే
మా నాయన అట్లనే మాట్లాడేవాడు.

ఎస్తేరు పాడింది:
ట్యాంకరు వస్తాదన్నారు, నేను బిందె కడిగినా
ట్యాంకరు వస్తాదన్నారు, మళ్ళా బిందె కడిగినా
కడగను నీళ్ళు యాడివని నన్నెవురూ అడగలే

మూడొందల క్యాసెట్లు.
అమ్ముడైంది నలభై ఒకటి, అందులో
ఇంతియాజ్ మేనమామ కొన్నవే తొమ్మిది.
మిగిలినవాటి మీద ఆడియో షాపాయన
పెండ్లి మేళాలు ఎక్కించి అమ్ముకున్నాడు.
ఏ ఇంటి అటకమీదో
తలంబ్రాలు అయిపోయి, మేళం సద్దుమణిగినాక
ఎస్తేరు ఇంకా బిందె కడుగుతానే ఉండొచ్చు.

ముప్ఫై ఏడేండ్లకు బెంగళూరు నుంచి ఒక పిల్లోడు వచ్చి
మొగిలి పెండ్లాం దాచిన ఒక్క క్యాసెట్టు
రెండు చేతులా పట్టుకుని పోయినాడు, నిండు చెంబు మాదిరి.
నెల తర్వాత ఫోను:
"అంకుల్, గరగర మొత్తం తీసేసినా."
మంచిది నాయనా, అన్నా.
గరగరలో ఏమేమి ఉండేవో అప్పుడు గుర్తు రాలేదు.

ముల్లు పెట్టినా.
మొగిలి డబ్బాలు నిజం డ్రమ్ముల మాదిరి మోగినాయి.
వాడుంటే నమ్మేవాడు కాదు.
నా బేసు నాకే మొదటిసారి వినిపించింది,
రెండో పాటలో తప్పు వాయించినానని కూడా.

మదనపల్లెకు ఫోను కలిపి స్పీకరు పక్కన పెట్టినా.
ఎస్తేరుకు ఇప్పుడు ఒక చెవే పనిచేస్తాది.
ఆ చెవితోనే వినింది, మాట్లాడకుండా.
మూడో పాటలో, రెండోసారి బిందె కడిగినాక,
పాకాల ప్యాసింజరు కూత పడాల
సరిగ్గా ఆమె ఊపిరి పీల్చుకునే సందులో.
ఆ రాత్రి ఇంతియాజ్ ఆపేద్దామన్నాడు.
ఆమె ఆగలేదు, చెయ్యి ఊపి
కూతను కూడా తన శ్రుతిలోకి లాక్కునింది.

ఇప్పుడా సందులో ఏమీ లేదు.

"బండి రాలేదే?" అనింది.

"గేజి మార్చినారు కదా" అన్నా.

నవ్వింది. నవ్వు నిండా గరగర.
రెండో వైపు తిప్పమనింది.